ఒకే సిస్టంలో రెండు బ్రౌజర్లు: ఏది దేనికి వాడాలో తేల్చుకునే పద్ధతి

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నాలుగు అడుగుల దూరంలో, ఒక సందులో మాది నెట్ సెంటర్. ఆరు సిస్టంలు, ఒక ప్రింటర్, ఒక స్కానర్, ఒక జిరాక్స్ మెషీన్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్‌కి, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకి చదువుకునే పిల్లలే. నోటిఫికేషన్ పడిందంటే, చివరి తేదీకి ముందు రెండు రోజులు నాకు అన్నం తినే తీరిక ఉండదు. 2009 నుంచి ఇదే పని. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువసార్లు అడిగిన మాట ఒకటుంది: "అక్కా, ఏ బ్రౌజర్ మంచిది?"

నేను ఒక్క పేరు చెప్పను. రెండు పెట్టుకోండి అంటాను. బ్యాంకు, ఆధార్, ఫీజులు, అప్లికేషన్లు, ఈ పనులకు ఒకటి. వార్తలు, వీడియోలు, షాపింగ్, ఏదో ఒకటి వెతుక్కోవడం, వీటికి ఇంకొకటి. ఏ రెండు అన్నది మీ దగ్గరున్న సిస్టంని బట్టి, మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. అది ఎలా తేల్చుకోవాలో చెబుతాను. నాకు ఈ పట్టుదల ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

ట్యాబులు రెండు, చీటీ ఒకటి

కొన్నేళ్ల కింద ఒక ఉద్యోగ పరీక్షకు అప్లికేషన్ చివరి రోజు. అశోక్‌నగర్ హాస్టల్‌లో ఒకే గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు రాత్రి తొమ్మిదింటికి పరుగెత్తుకుంటూ వచ్చారు. ఐదు సిస్టంలు నిండిపోయాయి, ఒక్కటే ఖాళీ. టైం కలిసొస్తుందని ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరిచాను. మొదటి దాంట్లో ఒకమ్మాయిది లాగిన్ చేశాను, రెండో దాంట్లో ఇంకో అమ్మాయిది. తర్వాత మొదటి ట్యాబుకి వచ్చి ఫోటో, సంతకం ఎక్కించి సేవ్ నొక్కాను. ప్రివ్యూ తెరిస్తే పేరు రెండో అమ్మాయిది, పుట్టిన తేదీ రెండో అమ్మాయిది, ఫోటో మాత్రం మొదటి అమ్మాయిది.

"అక్కా, నా ఫోటో దాని ఫారంలో ఎందుకుంది?" అంది ఆ పిల్ల. నాకు చేతులు ఆడలేదు. ఫైనల్ సబ్మిట్ ఇంకా నొక్కలేదు కాబట్టి బతికిపోయాం. అన్నీ మూసేసి, మళ్లీ మొదట్నుంచి ఒకరి తర్వాత ఒకరిది చేసేసరికి పదకొండున్నర దాటింది. ఆ రోజు తప్పు సైటుది కాదు, నాది. బ్రౌజర్ లోపల ఏం జరుగుతుందో తెలియకుండా రెండు పనులు ఒక్కచోట కలిపాను.

జరిగింది ఇది. మీరు లాగిన్ అవగానే ఆ సైటు మీ బ్రౌజర్‌కి ఒక చిన్న చీటీ ఇస్తుంది. దాన్ని కుకీ అంటారు. ఆసుపత్రిలో ఓపీ చీటీ లాంటిది అనుకోండి. ఆ తర్వాత మీరు ఏ బటన్ నొక్కినా బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది, సైటు అది చూసి మీరెవరో గుర్తుపడుతుంది. అయితే ఒక్కో సైటుకి బ్రౌజర్ దగ్గర ఉండే జేబు ఒక్కటే. రెండో మనిషి లాగిన్ కాగానే ఆ జేబులో పాత చీటీ పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. మొదటి ట్యాబులో పాత పేరు కనబడుతూనే ఉంటుంది, సేవ్ నొక్కితే వెళ్లేది మాత్రం కొత్త చీటీ.

అందుకే ఇంట్లో అక్కాచెల్లెళ్లవి గానీ, భార్యాభర్తలవి గానీ ఒకే సైటులో ఒకేసారి నింపాల్సి వస్తే రెండు వేర్వేరు బ్రౌజర్లలో తెరవండి. ఒకటి క్రోమ్‌లో, ఇంకొకటి ఫైర్‌ఫాక్స్‌లో. ఒకరిది మామూలు విండోలో, ఇంకొకరిది ఇంకాగ్నిటోలో (మూయగానే లాగిన్లు, హిస్టరీ మిగలని విండో) తెరిచినా పని జరుగుతుంది. కానీ ఇద్దరివీ రెండు ఇంకాగ్నిటో విండోల్లో తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే క్రోమ్‌లో తెరిచిన ఇంకాగ్నిటో విండోలన్నిటికీ కలిపి జేబు ఒకటే. ఈ సంగతి తెలియక పొరపాటు పడ్డవాళ్లను చాలామందిని చూశాను.

ఫైర్‌ఫాక్స్‌లో దీనికి ఇంకా చక్కటి ఏర్పాటు ఉంది. మల్టీ అకౌంట్ కంటైనర్స్ అని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లే ఇచ్చే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. అది వేసుకుంటే ఒకే విండోలో ఎరుపు ట్యాబుకి ఒక జేబు, నీలం ట్యాబుకి ఒక జేబు. మా సెంటర్‌లో నాలుగో నంబరు సిస్టంలో అది పెట్టాను. ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు పక్కపక్కనే నింపుతాను, ఒక్కసారి కూడా కలిసిపోలేదు.

పేర్లు పది, ఇంజన్లు మూడు

బ్రౌజర్లు పోల్చేటప్పుడు చాలామంది రంగు, ఐకాన్ చూస్తారు. చూడాల్సింది లోపలున్న ఇంజన్. పేజీని మీ తెర మీద గీసేది అదే. గూగుల్ వాళ్ల క్రోమ్ 2008లో వచ్చింది. అది క్రోమియం అనే ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని వాడుకోగల) ప్రాజెక్టు మీద నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరి నుంచి అదే క్రోమియం మీదకి వచ్చేసింది. ఒపెరా, బ్రేవ్, సామ్‌సంగ్ ఫోన్లలో వచ్చే ఇంటర్నెట్ యాప్, ఇవన్నీ కూడా ఆ కుటుంబమే. 2004లో మొదటి వెర్షన్ వచ్చిన ఫైర్‌ఫాక్స్ ఇంజన్ వేరు, దాని పేరు గెకో. ఆపిల్ వాళ్ల సఫారీ ఇంజన్ వెబ్‌కిట్.

దీనివల్ల మనకేం ఒరుగుతుందంటే: ఒక పేజీ క్రోమ్‌లో సరిగ్గా రాకపోతే ఎడ్జ్‌లో కూడా రాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఇంజన్ ఒకటే కదా. క్రోమ్, బ్రేవ్ రెండూ పెట్టుకుని "నాకు రెండున్నాయి" అనుకుంటే అక్కరకు రావు. క్రోమ్ కుటుంబం నుంచి ఒకటి, దానికి తోడు ఫైర్‌ఫాక్స్. విండోస్ సిస్టం ఉన్న ఎవరికైనా నేను చెప్పే జోడీ ఇదే.

ఏది దేనికి? అప్లికేషన్లు, డబ్బు పనులు క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో చేయండి. సైట్లు తయారుచేసేవాళ్లు ముందు వాటిలోనే సరిచూస్తారు, పేమెంట్ పేజీ మధ్యలో ఆగిపోయే టెన్షన్ తక్కువ. ఆ బ్రౌజర్‌లో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా వేయొద్దు. కూపన్లు వెతికిపెట్టేది, స్క్రీన్‌షాట్ తీసేది, ఏదీ వద్దు. మీరు చూసే పేజీని ఎక్స్‌టెన్షన్ కూడా చదవగలదు, మీరు దేనికి పర్మిషన్ ఇచ్చారో మీకే గుర్తుండదు.

మిగతా రోజువారీ పనులకి ఫైర్‌ఫాక్స్. యాడ్లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ దాంట్లో పూర్తి బలంతో పనిచేస్తుంది. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మారాక, 2025లో ఆ పాత యూబ్లాక్ క్రోమ్‌లో ఆగిపోయింది. ఇప్పుడు క్రోమ్‌లో దొరికేది లైట్ అనే తగ్గించిన రకం. ఇది చిన్న విషయం కాదు. పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్ కోసం పిల్లలు ఏవేవో సైట్లకు వెళ్తారు. అక్కడ ఒకే పేజీలో నాలుగు డౌన్‌లోడ్ బటన్లు ఉంటాయి, అందులో మూడు యాడ్లే. యూబ్లాక్ ఉంటే ఆ మూడూ మాయమై అసలుది ఒక్కటే మిగులుతుంది.

ఇంకో ముఖ్యమైన పని. మీ విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లి ఈ రోజువారీ బ్రౌజర్‌నే డిఫాల్ట్‌గా పెట్టండి, డబ్బు బ్రౌజర్‌ని కాదు. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కినా, వాట్సాప్‌లో వచ్చింది నొక్కినా డిఫాల్ట్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ మీ బ్యాంకు లాగిన్ లేదు, సేవ్ చేసిన పాస్‌వర్డ్ లేదు. దొంగ లింకు పడినా మీరు ఆగి ఆలోచించుకునే టైం దొరుకుతుంది. కొత్త బ్రౌజర్ వేసుకోగానే "పాత దాంట్లోంచి అన్నీ తెచ్చుకోమంటారా?" అని అడుగుతుంది. బుక్‌మార్కులు తెచ్చుకోండి. పాస్‌వర్డ్ల దగ్గర టిక్కు తీసేయండి.

మీ సిస్టంలోనే ఒక సాయంత్రం పోల్చి చూడండి

ఎవరో వీడియోలో చెప్పిన వేగం మీ సిస్టంకి వర్తించదు. మా దగ్గర రెండు సిస్టంలు సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు. 4 జీబీ ర్యామ్. కొత్త ల్యాప్‌టాప్‌లో తేడా తెలియని బ్రౌజర్లు వాటి మీద చాలా తేడాగా నడుస్తాయి. అందుకని నేను ఇలా చేస్తాను.

సిస్టం రీస్టార్ట్ చేసి ఒక్క బ్రౌజరే తెరవండి. మీరు రోజూ వాడే ఐదారు పేజీలు తెరవండి: మీ మెయిల్, ఒక తెలుగు వార్తల సైటు, ఒక యూట్యూబ్ వీడియో, మీకు అవసరమైన ప్రభుత్వ పోర్టల్ ఒకటి, ఒక పీడీఎఫ్. పది నిమిషాలు అటూ ఇటూ తిరగండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ అన్న చోట ఆ బ్రౌజర్ పేరు ఎదురుగా ఎంత ఉందో కాగితం మీద రాసుకోండి. మళ్లీ రీస్టార్ట్, రెండో బ్రౌజర్, అవే పేజీలు, అదే టైం. పేజీలు మారిస్తే పోలికకు అర్థం ఉండదు.

అంకె ఒక్కటే చూడకండి. ఒక ట్యాబు నుంచి ఇంకో ట్యాబుకి వెళ్లినప్పుడు పేజీ వెంటనే వస్తోందా, తెల్లగా నిలబడి వస్తోందా? పొడవాటి వార్త కిందికి జరుపుతుంటే తట్టుకుంటూ కదులుతోందా? తెలుగు అక్షరాల్లో ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా? ఈ మూడే రోజంతా మీ ఓపికను తినేవి.

ర్యామ్ తక్కువ ఉన్నవాళ్లకి క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అన్న చోట మెమరీ సేవర్ ఉంది, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఉంది. వాడని ట్యాబుల్ని ఇవి నిద్రపుచ్చుతాయి. ఆన్ చేసుకోండి. కాకపోతే మీరు గంటసేపు నింపే ఫారం ఉన్న సైటుని "ఎప్పుడూ మేలుకొని ఉండాలి" అనే జాబితాలో చేర్చండి, అక్కడే ఆ ఆప్షన్ ఉంటుంది. మా 4 జీబీ సిస్టంల మీద నేను ఎడ్జ్‌నీ ఫైర్‌ఫాక్స్‌నీ ఉంచాను. ఎడ్జ్ విండోస్‌తో పాటే వస్తుంది, ట్యాబులు త్వరగా నిద్రపోతాయి, పాత మెషీన్‌కి ఆ ఊపిరి చాలు. ఎడ్జ్ తెరవగానే వచ్చే వార్తల గోల మాత్రం ఆ పేజీ మూలనున్న సెట్టింగ్ నొక్కి ఆపేయండి.

ఇంకా విండోస్ 7 మీద ఉన్నవాళ్లు కొందరొస్తుంటారు. క్రోమ్ 109తోనే దానికి ఆగిపోయింది, 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 10 ఉంటేనే కొత్త క్రోమ్. ఆ సిస్టంలో సినిమాలు చూసుకోండి, బ్యాంకు పని మాత్రం చేయకండి. కొత్త సిస్టంలోనైనా బ్రౌజర్‌ని వారాల తరబడి మూయకుండా ఉంచితే అప్‌డేట్ డౌన్‌లోడ్ అయి కూడా అమలు కాదు. మూడు చుక్కలు నొక్కి హెల్ప్, అబౌట్‌లోకి వెళ్తే అదే వెతికి తెచ్చుకుంటుంది, తర్వాత రీలాంచ్ నొక్కాలి. వారానికోసారి ఈ పని చేయండి.

పాత ఆఫీసు పోర్టల్ ఏదైనా "ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవండి" అంటే కంగారు పడకండి. ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న ఆపేశారు గానీ, ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ అన్న పేజీలో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్‌కి అనుమతి ఇచ్చి, ఆ మోడ్‌లో రీలోడ్ చేస్తే అలాంటి సైటు అందులోనే తెరుచుకుంటుంది.

చదివి వినిపించే ఎడ్జ్

బాగ్‌లింగంపల్లి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మా సెంటర్‌కి వచ్చేవారు, పెన్షన్ పనుల కోసం. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక తెర వంక ఎక్కువసేపు చూడలేకపోయేవారు. ఒకరోజు ఎడ్జ్‌లో ఒక పత్రిక సంపాదకీయం తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కాను. పైన ఒక పట్టీ వచ్చింది. వాయిస్ ఆప్షన్స్‌లో తెలుగు కింద మోహన్, శ్రుతి అని రెండు గొంతులున్నాయి. శ్రుతి పెట్టి, వేగం కాస్త తగ్గించి, హెడ్‌ఫోన్ ఇచ్చాను. మాస్టారు కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. "ఒత్తులు కూడా పలుకుతోందమ్మా," అన్నారు. మర్నాడు వాళ్ల అబ్బాయిని వెంటబెట్టుకొచ్చారు, ఇంట్లో కూడా అలా పెట్టించడానికి.

తెలుగులో చదివించుకోవడానికి నేను చూసినంతలో ఎడ్జ్ కంటే తేలికైనది లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క కారణానికే ఎడ్జ్ ఉంచండి. నెట్ ఉండాలి, అంతే. ఇంగ్లీషు నోటిఫికేషన్‌ని తెలుగులోకి మార్చుకోవాలంటే మాత్రం క్రోమ్ నయం. పేజీ మీద రైట్ క్లిక్ చేసి అనువాదం ఎంచుకుంటే తెలుగు వస్తుంది. అర్హతలు, వయసు సడలింపు లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే మళ్లీ ఒకసారి చదవండి. యంత్రం అనువాదంలో "కాదు" అన్న మాట ఒక్కోసారి జారిపోతుంది.

ప్రింటు, పీడీఎఫ్

ఫీజు కట్టాక రసీదు రాలేదని ఏడుపు ముఖంతో వచ్చేవాళ్లలో చాలామందికి డబ్బు కట్ అయ్యే ఉంటుంది, రసీదు కొత్త విండోలో రాబోయి పాప్-అప్ అని ఆగిపోయి ఉంటుంది. అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు కనిపిస్తుంది. అది నొక్కి ఆ సైటుకి అనుమతి ఇస్తే వచ్చేస్తుంది. కంగారుపడి రెండోసారి కట్టొద్దు, బ్యాక్ కూడా నొక్కొద్దు. ముందు ఆ గుర్తు చూడండి, తర్వాత మళ్లీ లాగిన్ అయి పేమెంట్ స్టేటస్ చూడండి.

హాల్ టికెట్ ప్రింటులో గళ్ల రంగులు, లోగో రాకపోతే క్రోమ్, ఎడ్జ్ ప్రింట్ పేజీలో మోర్ సెట్టింగ్స్ కింద బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్కు పెట్టండి. అడుగున సంతకం గడి తెగిపోతుంటే స్కేల్ కాస్త తగ్గించండి. నేరుగా ప్రింటు కొట్టకుండా ముందు పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోవడం మంచిది.

డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ విషయంలో ఏ బ్రౌజరైనా ఒకటే. దాని పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. బ్రౌజర్‌లో తెరిస్తే సంతకం దగ్గర ప్రశ్నగుర్తు అలాగే ఉండిపోతుంది. పచ్చ టిక్కు రావాలంటే అడోబ్ రీడర్‌లో తెరిచి, ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి వాలిడేట్ చేయాలి. "బ్రౌజర్ మార్చినా టిక్కు రావట్లేదు" అని ఊరికే తిరిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్‌లో కూడా అదే జోడీ: పనులకు క్రోమ్, మిగతా వాటికి ఫైర్‌ఫాక్స్. ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు. ఫోన్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ వేసుకోవచ్చు. ఐఫోన్‌లో మాత్రం మన దేశంలో క్రోమ్ వేసినా, ఫైర్‌ఫాక్స్ వేసినా లోపల నడిచేది వెబ్‌కిట్ ఇంజనే. కాబట్టి సఫారీలో తెరుచుకోని పేజీ కోసం అక్కడ బ్రౌజర్ మార్చి చూడడం వృథా, కంప్యూటర్ దగ్గరికి రండి.

డేటా పొదుపు కోసం ఒపెరా మినీ వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాంట్లో అన్నిటికంటే ఎక్కువ పొదుపు చేసే మోడ్‌లో పేజీ ముందు వాళ్ల సర్వర్లకు వెళ్లి, అక్కడ కుదించి మీకు వస్తుంది. వార్తలకు సరే, బ్యాంకుకి వద్దు. యూసీ బ్రౌజర్ 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి. ఎక్కడో ఏపీకే (స్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) దొరికిందని వేసుకోకండి.

ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లింకు నొక్కితే ఆ యాప్ లోపలే పేజీ తెరుచుకుంటుంది. అది మీ బ్రౌజర్ కాదు. అందులో ఫారం నింపొద్దు. మూల మీది మూడు చుక్కలు నొక్కి, బ్రౌజర్‌లో తెరవమని చెప్పండి.

నాకు బాగా బాధేసిన సంగతి ఒకటి చెప్పాలి. మా వీధిలోనే టిఫిన్ బండి పెట్టుకున్న ఒక అక్క ఫోన్ పట్టుకుని వచ్చింది. "చెల్లీ, ఫోన్‌కి వైరస్ పట్టిందంట, వారం నుంచి ఒకటే మోత, ఇదిగో వెయ్యి రూపాయలు కట్టమంటుంది," అంది. చూస్తే వైరస్సూ లేదు, ఏమీ లేదు. ఎప్పుడో వంటల వీడియో వెతుకుతూ ఒక సైటులో "అలో" అన్న బటన్ నొక్కింది. ఆ సైటు నోటిఫికేషన్ల పేరుతో పావుగంటకోసారి బెదిరింపులు పంపిస్తోంది. క్రోమ్ మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా ఉంది. పేరు తెలియని వాటిని ఒక్కొక్కటే నొక్కి బ్లాక్ చేశాను. రెండు నిమిషాల పని. మోత ఆగిపోయింది. ఆవిడ వారం రోజులుగా నిద్రపోలేదట.

మీ ఫోన్‌లోనూ, అమ్మా నాన్నల ఫోన్లలోనూ ఈ జాబితా ఇవాళే తెరిచి చూడండి. అదే పేజీలో పైన, నోటిఫికేషన్ల కోసం సైట్లు అడగడానికి అనుమతించే స్విచ్ కూడా ఉంటుంది. పెద్దవాళ్ల ఫోన్‌లో అది ఆపేయండి. ఒకవేళ ఇలాంటి బెదిరింపుకి డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అడ్రస్ బార్

తాళం గుర్తు ఉంటే అసలు సైటే అని చాలామంది అనుకుంటారు. తాళం చెప్పేది మీకూ ఆ సైటుకీ మధ్య దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల కూర్చున్నది దొంగ అయినా తాళం ఉంటుంది. అందుకే క్రోమ్ 2023లో ఆ తాళం బొమ్మనే తీసేసి వేరే గుర్తు పెట్టింది. మీరు చూడాల్సింది పేరు చివర. ప్రభుత్వ సైట్లలో ఎక్కువ వాటికి డాట్ గవ్ డాట్ ఇన్. బ్యాంకులకైతే రిజర్వ్ బ్యాంకు కొత్త నియమం తెచ్చింది: 2025 అక్టోబర్ 31 లోపు అన్ని బ్యాంకులూ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరకు మారాలని. ఆ పేర్లు బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇచ్చే బాధ్యత మన మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే రిజర్వ్ బ్యాంకు స్థాపించిన సంస్థది. మా సెంటర్ నుంచి ఎంతో దూరం లేదు.

గూగుల్‌లో బ్యాంకు పేరు కొట్టి పైన వచ్చిన లింకు నొక్కే అలవాటు మానండి. పైన వచ్చేది ఒక్కోసారి యాడ్. పాస్‌బుక్ మీదున్న అడ్రస్ చూసి ఒక్కసారి జాగ్రత్తగా టైప్ చేసి, డబ్బు బ్రౌజర్‌లో బుక్‌మార్క్ పెట్టుకోండి. ఆ తర్వాత ఎప్పుడూ ఆ బుక్‌మార్క్ మీదుగానే వెళ్లండి.

మాలాంటి నెట్ సెంటర్‌కి వచ్చినప్పుడు

కూర్చోగానే క్రోమ్‌లో పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి, గెస్ట్ ఎంచుకోండి. ఎడ్జ్‌లో కూడా ఉంటుంది. గెస్ట్ విండోలో ఆ సెంటర్ వాళ్ల ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు, మూయగానే మీ లాగిన్లు, హిస్టరీ పోతాయి. గెస్ట్ లేకపోతే ఇంకాగ్నిటో. ఫైర్‌ఫాక్స్ అయితే ప్రైవేట్ విండో. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని ఎప్పుడు అడిగినా "నెవర్" నొక్కండి. మీ జీమెయిల్‌తో బ్రౌజర్‌లోకే సైన్ ఇన్ అవ్వకండి. మెయిల్ సైటులోకి లాగిన్ కావడం వేరు, బ్రౌజర్‌లోకి సైన్ ఇన్ కావడం వేరు. రెండోది చేసి సింక్ ఆన్ చేస్తే ఇంట్లో దాచుకున్న పాస్‌వర్డ్లన్నీ ఆ సిస్టంలోకి దిగుతాయి.

గెస్ట్ అయినా, ఇంకాగ్నిటో అయినా డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం సిస్టంలోనే ఉండిపోతాయి. మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ కాపీలు, అన్నీ. పని అయ్యాక విండో మూసి, కంట్రోల్ జే నొక్కితే కనబడతాయనుకోకండి. నేరుగా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. మీవి ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోకుండా తీసేస్తుంది. పెన్‌డ్రైవ్ గుర్తుపెట్టుకుని తీసుకోండి. స్కానర్ గాజు మీద ఒరిజినల్ మర్చిపోయి వెళ్లేవాళ్లు నెలకి ఇద్దరైనా ఉంటారు, మూత ఎత్తి ఒకసారి చూసుకోండి. రాత్రి షట్టర్ దించే ముందు ఆరు సిస్టంల డౌన్‌లోడ్స్ ఫోల్డర్లూ నేను ఖాళీ చేస్తాను, కానీ మధ్యాహ్నం మీ వెనక ఆ కుర్చీలో కూర్చునేది ఎవరో నాకూ తెలియదు.